తిరుపతిలో 20, జ్యూరిచ్‌లో 500: కాఫీ ధరలో గింజ వాటా ఎంత?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. తిరుపతి బస్టాండు దగ్గర 20 రూపాయలకు ఫిల్టర్ కాఫీ తాగడం అలవాటైన మీరు ఉద్యోగానికి జ్యూరిచ్ వెళ్లారు. ఆఫీసు కింద కేఫ్‌లో కప్పు 5 ఫ్రాంకులు, మన లెక్కలో 500 పైమాటే. స్విట్జర్లాండ్‌లో కాఫీ తోట ఒక్కటీ లేదు, గింజలన్నీ మనలాంటి దేశాల నుంచే పోతాయి, మరి మధ్యలో ఈ 480 ఎవరు తింటున్నారు? రైలెక్కి ఇటలీలో దిగితే అదే కాఫీ 120కి ఎలా దొరుకుతోంది? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న వేశారు: ఇంట్లో ఫిల్టర్ పెడితే డికాషన్ దిగడమే లేదు, ఎందుకని.

నేరుగా జవాబు చెప్తాను. ఆ 500లో గింజ వాటా పదో వంతు కూడా లేదు. పెద్ద ముక్కంతా కాఫీ కలిపే మనిషి జీతం, మీరు కూర్చున్న కుర్చీ అద్దె. మీకు నమ్మబుద్ధి కాని మాట ఇంకొకటి ఉంది. కాఫీ కలిపే మనిషి వైపు నుంచి చూస్తే తిరుపతి కాఫీ, జ్యూరిచ్ కాఫీ దాదాపు ఒకటే ధర. లెక్క కింద చూపిస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. గాంధీ రోడ్డు వెనక సందులో మాకు కాఫీ పొడి అంగడి ఉంది, మా నాయన పెట్టింది. చిన్నప్పుడు నాలుగేళ్లు కువైట్‌లో ఒక కెఫెటేరియాలో పనిచేసి, 1996లో తిరిగొచ్చి అంగట్లో కూర్చున్నాను. అప్పట్నుంచి గింజలు వేయించడం, మర ఆడించడం, ఇళ్లకు, హోటళ్లకు పొడి ఇవ్వడం ఇదే పని. కొడుకు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు కాబట్టి రెండుసార్లు అక్కడికి, వేయించే మిషన్లు చూడ్డానికి ఒకసారి ఇటలీకి వెళ్లొచ్చాను. జ్యూరిచ్ చూడలేదు. అక్కడి ధర, కేఫ్‌లో పనిచేసే అమ్మాయికి గంటకు 24 ఫ్రాంకులు ఇస్తారన్న మాట మీరు రాసినవే తీసుకుంటున్నాను.

ముందు మన గ్లాసు లెక్క. నేను హోటళ్లకిచ్చే పొడి ఇప్పుడు కిలో 640. చెయ్యి తిరిగిన మాస్టరు కిలో పొడికి 120 గ్లాసులు తీస్తాడు. అంటే గ్లాసుకు పొడి ఐదున్నర రూపాయల లోపు. పాలు 90 మిల్లీలీటర్లు, లీటరు 62 చొప్పున ఇంకో ఐదున్నర. చక్కెర, గ్యాసు కలిపి రూపాయిన్నర. మొత్తం పన్నెండున్నర సరుకుకే పోయింది. మిగిలిన ఏడున్నరలో మాస్టరు, గ్లాసులు కడిగే పిల్లోడు, అద్దె, కరెంటు, ఓనరు అందరూ సర్దుకోవాలి. ఓనరు చేతికి గ్లాసుకు రెండు, మూడు రూపాయలు మిగిలితే సంతోషం. అందుకే ఆయనకు గ్లాసులు వందల్లో కదలాలి. తెల్లవారుజామున మూడున్నరకే షట్టర్ ఎత్తేది ఊరికే కాదు, కొండ మీదికి పోయే మొదటి బస్సుల జనం కోసం.

ఇప్పుడు మీ కప్పు. ఆ మిషన్ కాఫీకి 16 గ్రాముల దాకా వేయించిన గింజ పడుతుంది, మన గ్లాసుకు రెట్టింపు. మంచి గింజ కేఫ్‌కు కిలో 25 నుంచి 30 ఫ్రాంకులు పడుతుందనుకుంటే కప్పుకు 45 సెంటీములు (ఫ్రాంకుకు వంద సెంటీములు). పాలు ఇంకో 20. మొత్తం సరుకు 65 సెంటీములు. అంటే మీరిచ్చే 5 ఫ్రాంకుల్లో 4 ఫ్రాంకుల 35 సెంటీములు సరుకు కాని సంగతులకే పోతాయి. అదే మన దగ్గర 20లో పన్నెండున్నర సరుకే.

తోటలో పండించినవాడి సంగతీ చెప్పుకోవాలి. వేయిస్తే గింజ బరువు ఆరో వంతు దాకా ఆవిరైపోతుంది కాబట్టి మీ 16 గ్రాముల వెనక 19 గ్రాముల పచ్చి గింజ ఉంటుంది. అరబికా (మేలు రకం గింజ) పౌండు, అంటే అరకిలోకు కాస్త తక్కువ, 4 డాలర్లున్న రోజుల్లో కూడా ఆ 19 గ్రాముల ఖరీదు 15 రూపాయల చుట్టే. 500 రూపాయల కప్పులో 15! అందులోంచే ఎగుమతిదారు, పొట్టు తీసే మిల్లు, లారీ అన్నీ పోవాలి. మీకు కోపం వచ్చేట్టుంటే ఇక్కడ రావాలి, కేఫ్ మీద కాదు.

ఇక నేను వాడే కొలత. రూపాయల్లోకి మార్చి పోల్చడం మానేసి, కాఫీ కలిపే మనిషి గంట జీతానికి ఎన్ని కాఫీలొస్తాయో చూడండి. తిరుపతిలో ఓ మాదిరి హోటల్లో కాఫీ మాస్టరుకు తిండి పెట్టి నెలకు 22 వేలు. రోజుకు పది గంటలు, 28 రోజులు. గంటకు 78 రూపాయలు, అంటే దగ్గర దగ్గర నాలుగు గ్లాసులు. మీ జ్యూరిచ్ అమ్మాయికి 24 ఫ్రాంకులు, అంటే ఐదు కప్పులకు కాస్త తక్కువ. మెల్‌బోర్న్‌లో మా వాడి స్నేహితుడొకడు చదువుకుంటూ కేఫ్‌లో చేసేవాడు, గంటకు 30 ఆస్ట్రేలియా డాలర్ల చిల్లర, కప్పు ఐదున్నర డాలర్లు. అదీ ఐదున్నర కప్పులే. నాలుగు, ఐదు, ఐదున్నర. చూశారా, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో! మనకు చవగ్గా కనిపించే గ్లాసు వెనక చవగ్గా దొరికే మనిషి ఉన్నాడు, అంతే. మా వీధి చివర హోటల్ మాస్టరుకు ఈ లెక్క చెప్తే, 'అట్లయితే సారూ, ఆ అమ్మాయి నాకన్నా ఒక కాఫీ ఎక్కువ సంపాదిస్తోంది' అని నవ్వాడు.

ఈ కొలతతో నిజంగా ఖరీదైన కాఫీ మన ఊళ్లోనే ఉంది. ఏసీ, సోఫా, వైఫై ఉన్న కేఫ్‌లో 250 రూపాయల క్యాపుచినో. అది మన మాస్టరుకు మూడు గంటల చాకిరీ. మీ జ్యూరిచ్‌లో మూడు గంటల జీతమంటే 72 ఫ్రాంకులు, ఆ లెక్కన మీరు 500కే తాగుతున్నారంటే చవకే. అయినా ఇక్కడి పిల్లలు అక్కడికే పోతారు, ఎందుకంటే రెండు గంటలు కూర్చుంటే ఎవడూ లేవమనడు. 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదటి కాఫీ డే తెరిచినప్పుడు జనం కొన్నది ఆ కుర్చీనే, పైగా అప్పట్లో అక్కడ ఇంటర్నెట్ కూడా ఇచ్చేవారు.

కుర్చీ అన్నాను కాబట్టి ఇటలీ సంగతి. మీకు పెద్ద పజిల్ అదే కదా.

మిలాన్‌లో దిగిన రోజు పొద్దున్నే బార్‌కు వెళ్లాను. అక్కడ బార్ అంటే కాఫీ కొట్టే, కంగారు పడకండి. కౌంటర్ దగ్గర ముందు డబ్బు కట్టాలి, చీటీ ఇస్తాడు, ఆ చీటీ మిషన్ దగ్గరున్న మనిషి ముందు పెట్టాలి. ఆయన చీటీని కొంచెం చించి, కప్పు తోశాడు. పక్కనున్న పెద్దమనిషి చక్కెర వేసి, రెండు తిప్పులు తిప్పి, మూడు గుటకల్లో ముగించి, కప్పు పెట్టి వెళ్లిపోయాడు. అంతా కలిపి రెండు నిమిషాలు. నాకు నవ్వొచ్చింది. ఇదంతా మన తిరుపతి టోకెన్ హోటలే! క్యాష్ కౌంటర్లో టోకెన్ కొని, మాస్టరు ముందు స్టీలు పళ్లెంలో పడేసి, గ్లాసు అందుకుని, నిలబడే బల్ల దగ్గర ఊదుకుంటూ తాగి పోవడం. తేడా ఏమిటంటే, మనం గ్లాసులోంచి డబరాలోకి ఒకసారి తిరగబోసుకుంటాం, వాళ్లకు అంత కాఫీ ఉండదు, కప్పు అడుగున రెండు మూడు చెంచాలే.

నిలబడి తాగే కాఫీ చవక అవడానికి కారణం అదే. చిన్న చోటు, రెండు నిమిషాలకో గిరాకీ, 7 గ్రాముల గింజ, పాలు లేవు. నేను మరునాడు కాళ్లు నొప్పులని బయట బల్ల దగ్గర కూర్చున్నాను. తాగింది అదే కాఫీ, బిల్లు మూడింతలు వచ్చింది. మోసమేమో అనుకుని గొడవ పడబోయాను కూడా. ధరల బోర్డు మీద నిలబడితే ఇంత, కూర్చుంటే ఇంత అని రెండు వరుసలున్నాయని మా గుంపులో ఒకాయన చూపించేదాకా తెలియలేదు.

ఇటలీలో నిలబడి తాగే కాఫీ ధర మీద జనానికి ఒక పట్టుదల ఉంది. అది బియ్యం ధరలాంటి విషయం వాళ్లకు. నిత్యావసరంగా లెక్కగట్టి ఒకప్పుడు అక్కడి మున్సిపాలిటీలే కాఫీ ధరకు కట్టడి పెట్టేవి. 2022లో ఫ్లోరెన్స్‌లో ఒక కొట్టువాడు కాఫీకి 2 యూరోలు తీసుకుంటే గిరాకీ పోలీసులను పిలిచాడు, ధర బోర్డు మీద కనిపించేట్టు పెట్టలేదని 1,000 యూరోల జరిమానా పడింది. ఇలాంటి ఊళ్లో ఎవరికి ధర పెంచే ధైర్యం వస్తుంది? ప్రపంచమంతా పాకిన స్టార్‌బక్స్ కూడా 2018 దాకా ఇటలీలో కాలు పెట్టలేదు, పెట్టాకా మిలాన్‌లో ఒక పెద్ద షోరూంలాంటిదే ముందు తెరిచింది.

నేపుల్స్‌లో ఇంకో ఆచారం ఉంది, నాకు బాగా నచ్చింది. చేతిలో డబ్బున్నవాడు ఒక కాఫీ తాగి రెండింటికి కట్టి పోతాడు. రెండోది, డబ్బు లేనివాడు ఎవరైనా వచ్చి అడిగితే వాడికి. వాళ్ల భాషలో దానికి 'వేలాడే కాఫీ' అన్నట్టు పేరు.

మనకు గర్వంగా అనిపించే సంగతి కూడా చెప్తాను. మన దేశపు కాఫీ ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీ ముందుంటుంది. మన రోబస్టా (అరబికా కాక రెండో రకం గింజ), మా వ్యాపారంలో చెర్రీ అంటాం, వాళ్ల చిన్న కప్పు మీద తేలే చిక్కటి నురుగుకు బాగా పనికొస్తుంది. ఇక్కడ 'చెర్రీ వద్దు సారూ, పీబెర్రీ (గుండ్రటి ఒంటి గింజ) ఇవ్వండి' అని ముక్కు చిట్లించే ఇంటావిడలకు ఈ మాట చెప్తూనే ఉంటాను, ఎవరూ నమ్మరు.

కువైట్‌లో ధరే లేని కాఫీ ఉంది. కెఫెటేరియాలో అమ్మేది వేరు, ఇంటికొచ్చినవాళ్లకు పోసేది వేరు. చేరిన మొదటి నెల మా యజమాని తన దివానియాకు, అంటే సాయంత్రాలు మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే గదికి, ఏదో సామాను తెమ్మని పంపాడు. కూర్చోమన్నారు. పిడి లేని చిన్న కప్పులో పలచటి, బంగారు రంగు కాఫీ, ఏలకుల వాసన, పాలు లేవు, చక్కెర లేదు, పక్కన ఖర్జూరాలు. కప్పు మూడో వంతే పోశాడు, పిసినారి అనుకున్నాను. తాగేశా. మళ్లీ పోశాడు. వద్దంటే మర్యాద కాదేమోనని మళ్లీ తాగా. అలా ఏడు కప్పులయ్యాయి. గుండె దడదడలాడుతుంటే పక్కనున్న కడప ఆయన చెవిలో చెప్పాడు: 'కప్పును ఇట్లా అటూ ఇటూ ఊపి ఇవ్వు రా, చాలని అర్థం.' కప్పు కొంచెం పోయడం అక్కడ మర్యాద, మళ్లీ మళ్లీ పోయవచ్చు కాబట్టి. మన పక్క అంచు దాకా పోయకపోతే అత్తగారికి కోపం వస్తుంది! ఆ అరబ్బు కాఫీ ఆచారాన్ని 2015లో, టర్కీ కాఫీని అంతకు ముందు 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇథియోపియా కాఫీకి పుట్టిల్లు. పండించినదాంట్లో సగం దాకా వాళ్లే తాగేస్తారు. అతిథి ముందే పచ్చి గింజ వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు వాయిలు పోస్తారు, అది గంట పని. ఆ కాఫీకి ధర కట్టమంటే ఎలా కడతారు? మనం పండించేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులకు పైగా బయటికి పంపేస్తాం. దేశం మొత్తం మీద మనిషి తాగేది ఏడాదికి వంద గ్రాముల చుట్టూ అంటారు. ఫిన్లాండ్‌లో 10 కిలోలకు పైనే. ఆ వంద గ్రాముల లెక్క తీసినవాళ్లు మా వీధికి రాలేదని నా అనుమానం.

వియత్నాం గురించి కూడా అడిగారు, 'అక్కడ పండుతుంది కాబట్టి చవకా?' అని. అది సగం నిజం. ప్రపంచంలో రోబస్టా ఎక్కువగా పండించేది వాళ్లే. కానీ వీధి కొట్లో ఒక గ్లాసు 20 నుంచి 30 వేల డాంగ్‌లు, అంటే 70 నుంచి 100 రూపాయలు. మన టోకెన్ కాఫీకి మూడున్నర నుంచి ఐదు రెట్లు! వాళ్లు చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద గంట కూర్చుంటారు, ఐసు, చిక్కటి డబ్బా పాలు ఉంటాయి. గ్లాసు మీదే చిన్న ఫిల్టర్ పెట్టి, బొట్టు బొట్టు దిగుతుంటే చూస్తూ ఉంటారు. మన ఫిల్టర్‌కు అది తమ్ముడు. ఫ్రెంచివాళ్ల కాలంలో తాజా పాలు దొరక్క డబ్బా పాలు అలవాటయ్యాయి. మనకు పాడి ఉంది కాబట్టి పచ్చి పాలు మరిగించి పోస్తాం. రుచి తేడా గింజలోకన్నా అక్కడే ఎక్కువ. మా పక్క పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చే పాలు చిక్కగా ఉన్న రోజు నా పొడికి మంచి పేరొస్తుంది, నీళ్ల పాలొచ్చిన రోజు పొడి బాగాలేదని ఫోన్ చేస్తారు.

మీలాంటి తిరుపతివాళ్లకు కాఫీ పిచ్చి, విజయవాడ దాటితే టీ రాజ్యం ఎందుకంటారా? చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడ్డప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం ఆ పక్కే. ఒకవైపు మద్రాసు హోటళ్లు, ఇంకోవైపు బెంగళూరు, దాని వెనకే చిక్కమగళూరు తోటలు. కాఫీ మన ఇంట్లోకి రాకుండా ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు అసలు కష్టం ఎవరిదో చూడండి. కాఫీ ధర న్యూయార్క్, లండన్ బజార్లలో తేలుతుంది, అరబికా న్యూయార్క్‌లో, రోబస్టా లండన్‌లో. కాఫీ అందరికన్నా ఎక్కువ పండించే బ్రెజిల్‌కు జలుబు చేస్తే తిరుపతిలో తుమ్ములు. 1975లో అక్కడ మంచు పడి తోటలు మాడిపోతే 1977లో రేట్లు ఆకాశానికి పోయాయి, మా నాయన అంగడి మూసేద్దామనుకున్న ఏడాది అది. ఆ రికార్డు 2024 డిసెంబర్‌లో బద్దలైంది. బ్రెజిల్‌లో కరువు, వియత్నాంలోనూ కరువే. 2025 ఫిబ్రవరిలో అరబికా పౌండు 4 డాలర్లు దాటింది.

మీ కప్పు మీద దాని భారం ఎంతో లెక్కేస్తే, పౌండు 2 నుంచి 4 డాలర్లకు పోయినా ఏడెనిమిది సెంటీములు. 500 సెంటీముల్లో ఏడెనిమిది! మీ కేఫ్‌వాడు ఒక రోజు విసుక్కుని ఊరుకుంటాడు. మా హోటళ్లకు నేనిచ్చే పొడి ఏడాదిన్నరలో 420 నుంచి 640 అయింది, గ్లాసుకు రూపాయి 80 పైసలు ఎక్కువ. ఓనరుకు మిగిలేదాంట్లోంచి పెద్ద ముక్కే ఆవిరి. గ్లాసు ఎంత చవకైతే గింజ ధర దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

అప్పుడేం చేస్తారు? రేటు పెంచడానికి భయం. పాతికేళ్లుగా నా దగ్గర పొడి తీసుకునే ఒక హోటలాయన ఆ డిసెంబర్‌లో వచ్చి, చెప్పులు వదలకుండానే గడప దగ్గర నిలబడి, 'అన్నా, రెండు రూపాయలు పెంచితే ఆటోవాళ్లంతా ఎదురు హోటల్‌కు పోతారు. చికోరీ పెంచెయ్, ఎవరికి తెలుస్తుంది' అన్నాడు. 80 వంతులు కాఫీ, 20 వంతులు చికోరీ ఉన్న 80:20 పొడిని 60:40 చేయమని. చికోరీ విషం కాదు, ఒక దుంప. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది, కాఫీకన్నా చాలా చవక, డికాషన్‌కు నలుపు, చిక్కదనం ఇస్తుంది. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ప్యాకెట్ మీద చికోరీ శాతం రాయాలి. కాబట్టి 60:40 తప్పు కాదు. 'చేసిస్తా, కానీ గ్లాసు మీద రాసుకోలేం కదా, నాలుక చదువుతుంది' అన్నాను. చేయించుకున్నాడు. ఇంకొకాయన గ్లాసు మార్చాడు. చూడ్డానికి అదే ఎత్తు, అడుగు మందం. అనుమానమొచ్చి ఒక గ్లాసు అడిగి తెచ్చుకుని ఇంట్లో నీళ్లు పోసి కొలిచాను. పాతది 110 మిల్లీలీటర్లు పట్టేది, కొత్తది 90. పైన నురుగు కొట్టి పోస్తే ఎవరికీ తెలియదు, నాకూ కొలిచేదాకా తెలియలేదు.

నేను కూడా దెబ్బతిన్నాను. ఒక పెళ్లిళ్ల కాంట్రాక్టరుకు మూడు నెలలు పాత రేటుకే ఇస్తానని నోటిమాట ఇచ్చాను. రేట్లు పెరిగాక మాట తప్పలేక, కిలోకు వంద రూపాయల చొప్పున చేతి నుంచి పెట్టాను. ఆ మూడు నెలల్లోనే ముహూర్తాలన్నీ వచ్చిపడ్డాయి, ఏం చెప్పను.

గింజ పండించే దేశానికి ఎక్కువ మిగలాలంటే రెండు దార్లు కనిపిస్తున్నాయి. ఒకటి, ఊరి పేరుతో అమ్మడం. మన అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండోది, పని ఇక్కడే చేసి పంపడం. మన వరదయ్యపాళెం మండలం కువ్వకొల్లిలో సీసీఎల్ ప్రొడక్ట్స్ వాళ్ల ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. దుగ్గిరాలలో మొదలైన కంపెనీ, వియత్నాంలోనూ పెట్టింది. బయటి దేశాల బ్రాండ్లకు టోకున చేసిస్తారు. మీ ఆఫీసు వంటగదిలో ఉన్న సీసా మీద ఏ పేరున్నా, లోపలిది మన శ్రీకాళహస్తి దాటాక వచ్చే ఊరి సరుకు అయినా ఆశ్చర్యం లేదు. స్విట్జర్లాండ్ కిటుకు కూడా ఇదే లెండి. చెట్టు లేకపోయినా గింజ కొని, వేయించి, క్యాప్సూళ్లలో (ఒక్కో కప్పుకు సరిపడే చిన్న డబ్బీల్లో) కూరి అమ్మి, చాక్లెట్ ఎగుమతికన్నా ఎక్కువ సంపాదిస్తోంది.

మెల్‌బోర్న్ గురించి ఒక్క మాటే. అక్కడ కాఫీ నిజంగా బాగుంటుంది, ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ల చలవ. వీధి వీధికీ చిన్న కేఫ్‌లే, స్టార్‌బక్స్ 2008లో ఆస్ట్రేలియాలో 84 కొట్లలో 61 మూసుకుంది. ఆదివారం మాత్రం బిల్లుకు పది శాతం అదనం, పనివాళ్లకు సెలవు జీతం ఎక్కువ కాబట్టి. మా ఆవిడ ఆ బోర్డు చూసి, 'ఆదివారం కాఫీకి మడి కట్టుకుంటారా?' అంది.

ఇక మీ ఇంటి ఫిల్టర్. నెలకు 22 రోజులు, రోజుకు రెండు కప్పులంటే మీ కేఫ్ ఖర్చు 220 ఫ్రాంకులు. ఒకటి ఇంట్లో తాగితే సగం మిగులుతుంది, కాబట్టి ఇది నేర్చుకోవాల్సిందే.

డికాషన్ దిగడం లేదంటే మూడింట్లో ఒకటి. అక్కడ కొన్న ఎస్ప్రెస్సో (మిషన్ కాఫీ) పొడి వేస్తున్నారు, అది మరీ మెత్తన, మన ఫిల్టర్ రంధ్రాలు మూసుకుపోతాయి. బొంబాయి రవ్వకన్నా మెత్తగా, మైదాకన్నా గరుగ్గా ఉండాలి. లేదా పొడిని గట్టిగా అదిమేస్తున్నారు. పైన గొడుగు (ఫిల్టర్‌తో వచ్చే పిడి ఉన్న చిల్లుల బిళ్ల) పెట్టి దాని బరువుకు ఎంత అణిగితే అంతే, వేలితో నొక్కకండి. ఈ రెండూ కాకపోతే నీళ్లలోని సున్నం రంధ్రాల్లో పేరుకుని ఉంటుంది. నెలకోసారి ఖాళీ ఫిల్టర్ పై గిన్నెను గ్యాసు మంట మీద ఎర్రబడే ముందుదాకా కాల్చి, ఆరాక దులిపి, వెలుతురుకు ఎత్తి చూడండి, చుక్కలన్నీ కనిపించాలి. అక్కడ కరెంటు పొయ్యేనంటారా, అయితే వెనిగర్ నీళ్లలో రాత్రంతా నానబెట్టండి.

ఒక మనిషికి మూడు పెద్ద చెంచాల పొడి, మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్లు. మొదట కొంచెం పోసి పొడి తడవనివ్వండి, తర్వాత మిగిలినవి. మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. అక్కడి పాలలో వెన్న శాతం ఎక్కువున్న ప్యాకెట్ ఎంచుకుని, ఒక పొంగు వచ్చేదాకా కాచండి, మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఆ రుచి రాదు. డికాషన్‌ను మాత్రం ఎప్పుడూ మళ్లీ కాయకండి, చేదెక్కుతుంది.

పొడి ఇంటి నుంచి తెప్పించుకునేట్టయితే 80:20, పావుకిలో ప్యాకెట్లుగా కట్టించమనండి. కిలో ఒకేసారి విప్పితే పదిహేను రోజులకు వాసన పోతుంది. విప్పిన ప్యాకెట్ మూతి బిగించి, పొయ్యికి దూరంగా అల్మారాలో పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు. మీ అమ్మగారు వచ్చేది జూన్‌లో అని రాశారు కదా, ప్రయాణానికి రెండు రోజుల ముందు మర ఆడిస్తే చాలు, ఏ అంగట్లోనైనా సరే, వేయించిన తేదీ అడిగి తీసుకోమనండి.